ఉప్పునీళ్లలో సబ్బుమందు

అక్కకు నమస్కారం. నేను కులాసాగానే ఉన్నాను. నాకు ఒంట్లో బాగాలేదని, సెలవు మీద పంపుతున్నామని మా మేనేజరు నీకు రాస్తే నమ్మకు.

భూమి లోపల రాతిని పట్టుకున్న చమురు వదలాలంటే చమురు బావిలోకి ముందు ఉప్పు తక్కువ నీళ్లు పంపాలి. లోపలి ఉప్పునీళ్లు తొలగాకే సబ్బులాంటి మందు పంపాలి. నీళ్లు ఇంకో పది రోజులు వెళ్లాలని రాసిచ్చాను. ఆయనగారికి తొందర, నేను రాసిచ్చిన రెండో రోజే మందు ఎక్కించేశాడు. ఉప్పునీళ్లలో సబ్బు విరుగుతుందని బట్టలుతికే వాళ్లందరికీ తెలుసు. మందు ముద్దకట్టి బావి పూడుకుపోయింది.

రిపోర్టులో మాత్రం తప్పు నాది! "భార్య పోయాక మనిషి మనిషిలో లేడు, పాపం" అని రాసి, నన్నే సంతకం పెట్టమన్నాడు.

"పోయింది నా భార్యండీ, నా బుద్ధి కాదు" అని కాగితం ఆయన బల్లమీద పడేసి వచ్చాను. ఉద్యోగం ఉండేదీ ఊడేదీ సోమవారం తేలుతుంది.

నా పాపకి దగ్గు తగ్గిందా? దాని కళ్లద్దాలు మార్పించు. వాళ్లమ్మ చీరలు ఎవరికీ ఇవ్వకు. బావగారికి నమస్కారాలు, పాపకి ఆశీస్సులు. ఉద్యోగం పోయి వస్తే, ఎందుకొచ్చానో దానికి నేనే చెబుతాను. వాళ్లమ్మ చావుని ఇంకొకడి తప్పుకి మూత కానివ్వలేదని చెబుతాను.

నీ తమ్ముడు