తమ్ముడి వయసు లెక్క

జొంజు,
2025 నవంబరు 23, ఆదివారం

గ్యూచోల్‌కు అమ్మ ఆశీస్సులు.

నేనూ నీ కూతురు దాయోనూ ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ మీరు ముగ్గురూ క్షేమమని నీ ఉత్తరం అంటోంది, మంచిది. చలికాలం సెలవులకు పిల్లను బుసాన్ పంపమన్నావు. అక్కడే ఉండిపోయి నీ రెండో భార్యను అమ్మా అని పిలవాలన్నావు. ఈ వారంలోనే జవాబు కావాలన్నావు కనుక రాస్తున్నాను.

నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. చలికాలానికి కిమ్చీ పచ్చడి నిన్ననే పెట్టాం. దాయోన్ లెక్కల్లో వెనకబడిందా అని అడిగావు. వెనకబడలేదు.

ఇంటివాళ్ల వయసులతో ఒక సమస్య తయారుచేసి, సమీకరణంతో సాధించి తెమ్మన్నారట బడిలో. నేను క్యాబేజీలకు ఉప్పు పట్టిస్తుంటే పక్కనే కూర్చుని రాసింది. అక్కకు పదిహేను, తమ్ముడికి నీ ఉత్తరంలో ఉన్నట్టు మూడు. తమ్ముడి వయసు ఒకటిగా ఉన్నది, అంటే వాడు పుట్టిన ఏడు, ఎన్నేళ్ల కిందట? అప్పుడు అక్క వయసెంత? మూడులోంచి x తీస్తే ఒకటి, కనుక x రెండు. అక్కకు పదమూడు.

"అమ్మ పోయిన రెండేళ్లకు పుట్టాడన్నమాట," అంది. దాని ముఖం తేటపడింది.

"తప్పు," అన్నాను. "మన పాత లెక్కలో పుట్టగానే ఒకటి, ఆపైన ప్రతి కొత్త సంవత్సరానికీ ఇంకొకటి. నీ పదిహేను ఆ లెక్క. నాన్న రాసిన మూడు పుట్టినరోజుల లెక్క. రెండు వయసులూ ఒకే కొలతలో ఉండాలి. ఫోన్ చేసి కనుక్కో."

ఫోన్ పసివాడే ఎత్తాడు. "అక్కా! నాకు అయిదేళ్లు! మా అమ్మమ్మ చెప్పింది. డిసెంబర్లో కేకు కోస్తాం, నువ్వు రాకపోతే నీ ముక్క కూడా నేనే తినేస్తా!"

అది నవ్వింది. నవ్వుతూనే మళ్లీ రాసింది. అయిదులోంచి x తీస్తే ఒకటి, కనుక x నాలుగు. పదిహేనులోంచి నాలుగు పోతే పదకొండు. అక్కడ పెన్సిల్ ఆగిపోయింది. దాని పదకొండో ఏటే, సెప్టెంబరులో చుసొక్ పంటల పండుగ ముందు, దాని తల్లి ఆసుపత్రిలో పోయింది. ఆ డిసెంబరులోనే నీకు కొడుకు పుట్టాడు. రాత్రి డ్యూటీలని నువ్వు ఆసుపత్రికి రాకపోయిన నెలలన్నీ పిల్లకు గుర్తున్నాయి.

"కరెక్టేనా నానమ్మా?"

"కరెక్టే."

"అయితే టిక్ పెట్టు."

పెట్టాను.

ఒక మాట ఇంతవరకు ఆపాను. వేసవిలో పసివాణ్ణి, పన్నెండు జంతువుల సంవత్సరాల్లో ఏ సంవత్సరంలో పుట్టావురా అని నేను అడిగితే "ఎద్దు" అన్నాడు. నువ్వు నవ్వేసి మాట మార్చావు. దాయోన్ తల్లి పోయినదీ ఎద్దు సంవత్సరమే. అంటే దాయోన్ చేత ఫోన్ చేయించేటప్పటికే నాకు జవాబు తెలుసు. తప్పు లెక్కను అలాగే వదిలేస్తే పిల్ల సంతోషంగా నీ దగ్గరకు వచ్చేది. వదలలేదు. పుట్టినరోజుల లెక్క చాటున నువ్వు దాచిన అబద్ధం మీద దాని బతుకు కట్టనివ్వను.

ఇక జరగవలసినవి:

1. సెలవులకు దాయోన్ రాదు. అది అడిగేదాకా ఆ మాట ఎత్తకు.
2. వచ్చే ఆదివారం నువ్వొక్కడివే రా. ఫోన్ పనికిరాదు. దాని ఎదుట కూర్చుని నీ నోటితో చెప్పు.
3. క్షమిస్తుందా లేదా అని నన్ను అడగకు. దానికి సమీకరణం లేదు.
4. పసివాడి పుట్టినరోజుకు అది టోపీ అల్లుతోంది. లెక్క వేశాక కూడా ఆపలేదు. వాడికి మూడేళ్లని చెప్పడం నేర్పకు. మీ ఇంట్లో నిజం చెప్పింది వాడొక్కడే.

ఇట్లు,
మీ అమ్మ