నాన్న బోర్లించిన గ్లాసు

లివర్‌పూల్

తమ్ముడు సెడ్రిక్‌కి,

పేపర్లో నీ వ్యాసం చదివాను. "రేవు పక్కన మా పబ్బును ఎవరు చంపారు?" అని తెగ ఏడ్చావు. రేవు పనులు మింగేసిన కంటెయినర్లట, అపార్ట్‌మెంట్లట, మారిన కాలమట! పబ్బు నడిపిన ఎనిడ్ నవ్వూ, నాన్న పాడిన పాటలూ, బొగ్గు పొయ్యి పక్కన నీ కుర్చీ, అన్నీ గుర్తున్నాయి. సమ్మె ఒక్కటే గుర్తు లేదు. ఎంత సుఖమైన మతిమరుపురా నీది!

నేను చెప్తాను, విను. రేవు గేటు దగ్గర సమ్మెలో నిలబడ్డ నాన్నను దాటుకుని పొద్దున పనిలోకి పోయావు. సాయంత్రం ఏమీ ఎరగనట్టు పబ్బులోకొచ్చి, "ఒక గ్లాసు పొయ్యి ఎనిడ్, గొంతెండిపోతోంది" అన్నావు. ఆ పిచ్చిది పోసింది. నాన్న తన గ్లాసులో మిగిలిన బీరు ఒంపేసి, గ్లాసును బల్ల మీద బోర్లించాడు. "చాలమ్మా ఎనిడ్, మా దాహం తీరింది" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ బోర్లించి లేచిపోయారు. సమ్మె విరిచినవాడికి పోసిన ఆ గడప మళ్లీ తొక్కిన రేవు మనిషి లేడు. ఏడాది తిరగకుండానే ఎనిడ్ తాళం వేసుకుంది. చంపినవాడే శోకాలు పెట్టడం నీ దగ్గరే చూశాను.

"అక్కా, పబ్బు జ్ఞాపకంగా ఏదైనా పంపవే, షోకేసులో పెట్టుకుంటాను" అని రాశావు. ఎనిడ్ పోయేముందు నాన్న గ్లాసు నా చేతికిచ్చింది. అదే పంపుతున్నాను. పెట్టెలో బోర్లించే సర్దాను. నీ షోకేసులోనూ అలాగే ఉండాలి.

అక్క