రాళ్ళ మీదికి పరుపు

నాన్నా డాలిన్,

వచ్చేవారం నువ్వూ యూటా ఎడారిలో గుడారం వేస్తున్నావని కోడలు చెప్పింది. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. వద్దనను. అది అందరి భూమి, నచ్చినచోట పడుకోవచ్చు. మీ అన్న రూలన్ కూడా అక్కడికి వెళ్ళినప్పుడు అదే అన్నాడు.

"మేఘం ముక్క లేదు, ఎండిన వాగులో మునుగుతానా అమ్మా? గట్టు మీద రాళ్ళు వీపులో గుచ్చుకుంటున్నాయి. కింద ఇసుక పరుపులా ఉంది" అని ఫోన్‌లో నవ్వాడు. వాన ఎక్కడో కొండల మీద పడింది. ఆ రాత్రే వాగులోకి నీళ్ళొచ్చి నిద్రలో ఉన్నవాణ్ణి తీసుకుపోయాయి.

అందుకే వాడి దుప్పట్లన్నీ కలిపి మందంగా పరుపు కుట్టి పంపుతున్నాను. బండిలో చోటు చాలకపోతే పొయ్యి వదిలెయ్, డబ్బాలో బీన్సు చల్లగానే తిను. గట్టు మీదే పరుచుకో. ఇసుక ఎంత మెత్తగా కనిపించినా కిందికి దిగకు నాన్నా.

మీ అమ్మ