చప్పుడు లేని కంప్యూటర్

ఆదివారం రాత్రి, ఆత్మకూరు

ఉదయగిరి వెళ్లి నా స్నేహితుడు జాన్‌కి గేమింగ్ కంప్యూటర్ బిగించి వచ్చాను. పక్కన అద్దమున్న నల్ల కేసు, లోపల నీలం లైట్లు, చూడముచ్చటగా ఉంది. ఆట మొదలుపెట్టినా ఫ్యాన్ల చప్పుడే లేదు.

"ఏందిరా, అసలు ఆన్ అయిందా?" అని జాన్ చెవి ఆనించి నవ్వాడు. "ఇంక సునీత హాయిగా నిద్రపోతాది."

బయలుదేరేటప్పుడు వాడి భార్య సునీత గేటు దాకా వచ్చింది. "అన్నా, పాతది మోత పెడతా ఉంటే ఈయన ఇంట్లోనే ఉండాడని నిద్రపోయేదాన్ని. మోత ఆగితే, తాగను పోయినాడని లేచేదాన్ని. ఇంక నాకెట్టా తెలస్తాది? ఆయనకి చెప్పబాకన్నా," అంది.

సరేనని తల ఊపాను.

ఫ్యాన్ల వేగం పెంచి మోత తెప్పించడం నాకు చిటికెలో పని. కానీ ఆమె నిద్ర కోసమే చప్పుడు వద్దన్నవాడికి ఏం కారణం చెప్పను? అసలు వాడు తాగడం మానేశాడనే నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను...