విదేశీ ఆల్బం కింద మన పాటలు

బుడాపెస్ట్,
ఆదివారం.

అమ్మకు,

నమస్కారాలు. నా ఒంట్లో బాగానే ఉంది, మనసే ఒకచోట కూర్చోనివ్వడం లేదు. అక్కడ సబట్కాలో నువ్వూ, బోటొండ్ అన్నయ్యా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోనులో అయితే పోట్లాడుకుంటాం, అందుకే రాస్తున్నాను.

"మన హంగేరియన్‌లో పాడిన పాటలు హంగేరీవాళ్ళకి విదేశీ ఎలా అయ్యాయే?" అని అడిగావు. మన ఆల్బం ఇక్కడి సంగీత బహుమతికి విదేశీ విభాగంలో ఎంపికైంది కదా, అదే అడుగుదామని అవార్డు కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ వ్యవహారాలు చూసే గెర్గెయ్ కాఫీ ఇచ్చి, ఆ బహుమతి పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు. బయటి దేశాల రికార్డులు కుప్పలుగా వచ్చిపడిన రోజుల్లో మొదలుపెట్టారట. మొదట్లో ఎక్కువ అమ్ముడైనదానికే ఇచ్చేవారు. తర్వాత న్యాయనిర్ణేతలు వచ్చారు, రాక్‌కి వేరు, జానపదానికి వేరు అని విడదీశారు. ఇన్నేళ్ళలో గెలిచినవాళ్ళెవరూ పుచ్చుకోవడానికి రాలేదట. కంపెనీ మనిషి వేదికెక్కి, నాలుగు మాటలు చెప్పి, బహుమతి సంచిలో వేసుకుని పోయేవాడట. మన సబట్కా సరిహద్దుకి అటువైపు కదా, మన ఆల్బం సెర్బియాలో నమోదైంది కాబట్టి విదేశీయే.

"ఇక్కడి కంపెనీతో సంతకం చేయండి, స్వదేశీ విభాగంలోకి మార్చేస్తాను. శుక్రవారం దాకా టైముంది" అన్నాడు.

అన్నయ్య చేసెయ్యమన్నాడు. నువ్వూ అదే రాశావు. ఆ వారమంతా నాకు అదే ధ్యాస. ట్రామెక్కితే దిగాల్సిన చోటు దాటిపోయేది. దిగి వెనక్కి నడుస్తూ, చేస్తానని ఒక వీధిలో, చెయ్యనని ఇంకో వీధిలో అనుకునేదాన్ని.

అమ్మా, ఇప్పుడు అసలు సంగతి. ఆల్బంలో చివరి పాట నేను పాడింది కాదు. పోయిన వేసవిలో నువ్వు వంటింట్లో పుల్లచెర్రీల గింజలు తీస్తూ పాడుకుంటుంటే, తలుపు చాటున నిలబడి రికార్డు చేశాను. నాన్న పోయాక నలుగురిలో పాడనన్నావు కదా, అడిగితే ఒప్పుకోవని అడగలేదు. నీకిచ్చిన కాపీలో అది తీసేశాను. న్యాయనిర్ణేతలు మెచ్చింది ఆ పాటనేనని గెర్గెయ్ చెప్పాడు. మన వంటింట్లో పుట్టిన పాటని బుడాపెస్ట్‌లో పుట్టిందని రాసివ్వడానికి నాకు చెయ్యి రాలేదు.

శుక్రవారం గెర్గెయ్‌తో చెప్పేశాను. "విదేశీ అనే ఉంచండి. గెలిస్తే మాత్రం పాడిన మనిషే వస్తుంది, మా అమ్మ."

అతను తలూపి, విదేశీ విభాగం కదా అన్నట్టు అడిగాడు: "ఆవిడకి దుబాసీని ఏర్పాటు చేయమంటారా?"

ఆ జవాబు నీకే వదిలేశాను. నువ్వే వచ్చి మన హంగేరియన్‌లో చెప్పు.

ఇట్లు,
నీ తిట్లకి సిద్ధంగా ఉన్న కూతురు,
ఎమెషె