పూసల డబ్బాలో బిళ్ళలు

జూన్ 9, సోమవారం
మొదటి బిళ్ళ వేసుకున్నాను. మిగిలినవి ఇరవై తొమ్మిది.

బందరులో కొనలేదు. అందరూ ఎరిగినవాళ్ళే. గుడివాడ బస్సెక్కి వెళ్ళాను. మందుల షాపువాడు చీటీ చూసి, సీసాను నల్ల కవరులో వేసి, వేలు తగలకుండా నా వైపు తోశాడు. ఎన్నాళ్ళయింది మావయ్యా జబ్బు, అని అడిగాడు. జబ్బు కాదు, హెచ్‌ఐవీ రాకుండా ముందుగా వేసుకునే మందు అన్నాను. అందరూ అదే చెబుతారు లెండి అన్నాడు. వాడి వెనక గోడకు ఫార్మసీ సర్టిఫికెట్టు వేలాడుతోంది. దండ ఒక్కటే తక్కువ.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. సీసాలోని కాగితం నాలుగుసార్లు చదివితే నాకు అర్థమైంది.

జూన్ 10
పెళ్ళికి ముందు టెస్టులో ఇంద్రజకు వైరస్ ఉందని తేలింది. మొదటి భర్త ఇచ్చిపోయినది. తెలిసే చేసుకున్నాను. ఆమె మందు మొదలుపెట్టి రెండు నెలలే. ఆమె రక్తంలో వైరస్ టెస్టుకు అందనంత తగ్గేదాకా నేను రోజూ ఈ బిళ్ళ వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం భోజనం కాగానే వేసుకుంటానన్నాను. నేను ఎన్నడూ మరవనిది అదొక్కటే.

జూన్ 12
రోల్డ్‌గోల్డ్ వర్క్‌షాపులో నా డ్రాయరు తీస్తే సీసా గలగలమంది. ఏంటి రావు గారూ, ముత్యాలు కొట్టేస్తున్నారా, అన్నాడు పాలిష్ మేస్త్రీ శోభనాద్రి. బీపీ బిళ్ళలన్నాను. సాయంత్రం బిళ్ళలన్నీ పాత పూసల డబ్బాలోకి మార్చాను. అడుగున దూది.

జూన్ 17
ఎయిడ్స్ మీద శోభనాద్రి ఉపన్యాసం. ఆ జబ్బోళ్ళ చేతి మంచినీళ్ళు కూడా తాగకూడదటండీ, గాలికే అంటుకుంటదట. చెప్పినంతసేపూ ఖైనీ నములుతూ గోడ మీద ఉమ్మాడు. ఆ గోడకు ఏ జబ్బు వచ్చిందో ఎవరూ అడగరు.

వాడు లేచేదాకా డబ్బా తీయలేదు. తర్వాత మరిచాను.

జూన్ 20, రాత్రి
ఇంద్రజ డబ్బా అడిగి లెక్కపెట్టింది. పద్దెనిమిది ఉండాలి. ఇరవై ఒకటి ఉన్నాయి. ఆ మూడు రోజులూ శోభనాద్రి పక్కనే కూర్చున్నాడని చెప్పాను.

నా బిళ్ళలు ఉప్పు డబ్బా పక్కన ఉంటాయండీ, ఎవరొచ్చినా అక్కడే ఉంటాయి, అంది. మీవి పూసల్లో దాచారు. రేపు నన్నెక్కడ దాస్తారు, అని అడిగింది. మీరు దాచకుండా వేసుకునే రోజు చెప్పండి, వస్తాను అంది.

జూన్ 21
పొద్దున్నే అవనిగడ్డ, అక్క ఇంటికి వెళ్ళిపోయింది. తన సీసా తీసుకెళ్ళింది.

జూన్ 24
మా వర్క్‌షాపులో బీపీ బిళ్ళకూ అగ్గిపుల్లకూ తేడా లేదు. ఎవరి దగ్గరుంటే వాళ్ళని అడుగుతారు. శోభనాద్రి బీపీ బిళ్ళలు మూడు రోజుల క్రితమే అయిపోయాయట. మీదొకటి పడేయండి రావు గారూ అన్నాడు. కాదంటే అబద్ధం బయటపడుతుంది. ఇచ్చాను. నా గ్లాసులో నీళ్ళు పోసుకుని మింగాడు. గాలికే అంటుతుందన్నవాడు. లోలోపల నవ్వుకున్నాను.

జూన్ 25
మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఇచ్చాను. నిన్నటంత నవ్వు రాలేదు.

జూన్ 26
పదకొండింటికి శోభనాద్రి పాలిష్ మిషను ముందు కళ్ళు తిరిగి పడ్డాడు. చెయ్యి చక్రానికి జానెడు దూరంలో ఆగింది.

ఆటోలో అతని భార్య సౌభాగ్యమ్మ నా చెయ్యి వదల్లేదు. మీ బిళ్ళలే కాపాడుతున్నాయి బాబుగారూ అంది. ఆసుపత్రిలో చూస్తే బీపీ నూట తొంభై. ఏ బిళ్ళ వేసుకుంటున్నావని డాక్టరు అడిగితే శోభనాద్రి నన్ను చూపించాడు. బిళ్ళ పేరు చెప్పమన్నాడు డాక్టరు.

చెప్పాను. ఎందుకు వేసుకుంటున్నానో కూడా చెప్పాను. రెండు బిళ్ళలతో ప్రమాదమేమీ లేదు, తన బీపీ మందు మానడమే పడేసింది అన్నాడు డాక్టరు. ఆ మాట ఎవరూ వినలేదు. సౌభాగ్యమ్మ చెయ్యి లాక్కుని కొంగుకు తుడుచుకుంది.

గుడివాడ షాపువాణ్ణి ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. వాడు కవరులో దాచాడు, నేను దూదిలో. పైగా వాడు ఎవరినీ పడేయలేదు.

జూన్ 27
వర్క్‌షాపులో నాకు వేరే గ్లాసు పెట్టారు. స్టీలుది. పాతదాని కన్నా బాగుంది. అందరూ చూస్తుండగా దాంతోనే బిళ్ళ వేసుకున్నాను.

ఇంద్రజకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఎన్ని మిగిలాయండీ, అని మాత్రం అడిగింది. పన్నెండు అన్నాను. శోభనాద్రివి రెండూ తీసేసే చెప్పాను.

జూన్ 28
బిళ్ళలు మళ్ళీ సీసాలో పోశాను. ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. ఇంకో సీసాకు చోటు వదిలాను.