ఇసుక తోసే బ్లేడు

శనివారం రాత్రి, షహానియా, ఖతర్

నా రాత వంకర, తప్పులుంటయి. చదివేది గూడ నేనే, ఏమనుకోను.

మంచు తోసే ట్రాక్టరు వీడియో చూపిచ్చి, ఒంటెల కొట్టం ముందర ఇసుకకు గిసొంటి "ప్లౌ" చెయ్యమన్నడు మేనేజరు. ప్లౌ అంటే నాగలేనాయె. డ్రమ్ము రేకుకు కింద నాగలి కర్రు లెక్క మొన పెట్టమని నేనే వెల్డరుకు చెప్పిన.

"చాచా, ఇది తోయదు, తవ్వుతది" అన్నడు నేపాల్ వెల్డర్ బహదూర్. నేను ఇనలే.

ఇయ్యాల పొద్దుగాల మొన గుచ్చుకొని చిన్న ట్రాక్టరు ఇసుకల దిగబడ్డది. మేనేజరు బహదూర్ మీద లేచిండు. "షుగల్ మాఫీ, ఇగ నీకు పని లేదు! యల్లా, ఊరికి పో!"

బహదూర్ నా దిక్కు చూసిండు. నేను టైరు దిక్కు చూసిన.

ఇప్పుడు పక్క మంచం మీద సామాను సదురుకుంటుండు. మొన నేనే పెట్టిచ్చిన్నని చెప్తే మేనేజరు నన్ను ఊరికి పంపుతడు.

రేపు పొద్దుగాల ఇది చదివేటోడా, చెప్పాల్నా వద్దా, మేనేజరు రాకముందే జల్ది జవాబియ్యి.